ఇనుము లేని అయస్కాంతం

అమెరికాలోని షాంటిలీ నుంచి మాట్లాడుతున్నాను.

మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపుల మీద ఇళ్లమ్మే ఏజెంట్లు పంచిన క్యాలెండర్లు, పిజ్జా కొట్ల ఫోన్ నంబర్లు అతుక్కుని ఉంటాయి. వాటి వెనక ఉండే మెత్తటి పలక వంచితే వంగుతుంది, కత్తెర పెడితే తెగుతుంది. చూడ్డానికి అది ప్లాస్టిక్ అయస్కాంతమే. కానీ అందులో అయస్కాంతమైనది ప్లాస్టిక్ కాదు. ఫెర్రైట్ అనే ఇనుప ఆక్సైడు పొడిని రబ్బరు లాంటి పదార్థంలో కలిపి పలకగా ఒత్తుతారు. అతుక్కునేది ఆ పొడి. ప్లాస్టిక్ దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. నేను ఈ రోజు చెప్పబోయేది వేరే సంగతి. ఏ పొడీ కలపకుండా, కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ లాంటి పరమాణువులతో అల్లిన పాలిమరే తనంతట తాను అయస్కాంతం కావాలంటే దాన్ని ఎలా గీయాలి, ఎలా కట్టాలి అన్న ప్రశ్న. అరవై ఏళ్లకు పైగా కొందరు రసాయన శాస్త్రవేత్తలు దీని వెంట పడ్డారు. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. పాలిమర్లంటే సంచులు, పైపులు అనుకునేవాళ్లకు దీని అందం కాస్తయినా చెప్పాలని నా కోరిక.

చెక్కకు, నీళ్లకు, మన ఒంటికి అయస్కాంతం అంటదంటాం. నిజానికి ఇవన్నీ అయస్కాంతాన్ని అతి స్వల్పంగా అవతలికి నెడతాయి. ఆ నెట్టడం ఎంత తక్కువంటే మన చేతికి తెలియదు. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో ఆండ్రే గైమ్, ఆయన సహచరులు 16 టెస్లాల క్షేత్రం పెట్టి, బతికున్న చిన్న కప్పను గాలిలో తేల్చి చూపించారు. ఫ్రిజ్ అయస్కాంతం కన్నా అది వెయ్యి రెట్లకు పైగా బలమైన క్షేత్రం. కప్పకు ఏమీ కాలేదు. ఇదే గైమ్‌కు 2010లో గ్రాఫీన్ మీద చేసిన పనికి నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఇవి అయస్కాంతానికి ఎందుకు అతుక్కోవు? ప్రతి ఎలక్ట్రానూ స్వతహాగా ఒక చిన్న అయస్కాంతం. ఆ గుణాన్ని స్పిన్ అంటారు. రెండు పరమాణువులు బంధం కట్టుకున్నప్పుడు రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోట చేరతాయి. అలా చేరాలంటే ఒకటి పైకి చూస్తే రెండోది కిందికి చూడాలి. దాంతో రెండింటి అయస్కాంతాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నూనె, చక్కెర, నైలాన్, పాలిథిన్, మన మాంసం, అన్నీ ఇలా జంటలు కట్టిన ఎలక్ట్రాన్లతో నిండినవే. జంట కట్టడమే రసాయన బంధం. అందుకని ఆర్గానిక్ అయస్కాంతం చెయ్యాలనుకున్నవాడు తన శాస్త్రపు మొదటి అలవాటుకే ఎదురెళ్లాలి. ఎలక్ట్రాన్లను ఒంటరిగా నిలపాలి, పక్కపక్కన నిలపాలి, అయినా జంట కట్టనివ్వకూడదు.

ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న అణువును రాడికల్ అంటాం. అది దొరికినదానితో కలిసిపోవాలని చూస్తుంది. 1900లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ మొదటిసారి నిలిచి ఉండే ఆర్గానిక్ రాడికల్‌ను తయారుచేశాడు. నడుమ ఒక కార్బన్, దాని చుట్టూ మూడు బెంజీన్ వలయాలు. ఆ వలయాలు మధ్య కార్బన్ దగ్గరకు ఇంకొకటి రాకుండా అడ్డుపడతాయి, ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌ను తమలోకి కొంత పంచుకుంటాయి కూడా. ఈ ట్రైఫినైల్ మిథైల్ అన్న పేరు గుర్తుంచుకోండి. నూరేళ్ల తర్వాత ఇదే ఇటుక మళ్లీ వస్తుంది.

ఇనుము లేకుండా అయస్కాంత గుణం ఉండదని ఎవరికైనా అనుమానం ఉంటే ఆక్సిజన్‌ను చూడాలి. మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు ఒకే వైపు చూస్తూ ఉంటాయి. ద్రవరూపంలోకి మార్చిన ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య పోస్తే అది కిందికి జారిపోకుండా అక్కడే వేలాడుతుంది. ఇనుములోనైనా, ఆక్సిజన్‌లోనైనా అయస్కాంతానికి మూలం ఒంటరి ఎలక్ట్రానే.

అయితే ఒంటరి ఎలక్ట్రాన్లు పోగుపడినంత మాత్రాన అయస్కాంతం కాదు. కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు తలో దిక్కు చూస్తుంటే మొత్తం సున్నా. పక్కదాన్ని చూసి ఇది, దీన్ని చూసి అవతలిది ఒకే దిక్కుకు తిరగాలి. వేడి ఆ వరసను చెదరగొడుతూనే ఉంటుంది. వరస నిలబడే గరిష్ఠ ఉష్ణోగ్రతే ఆ అయస్కాంతం బతికే హద్దు. ఇనుముకు అది 770 డిగ్రీల సెంటీగ్రేడ్.

మరి పక్క ఎలక్ట్రాన్ ఎటు చూడాలన్నది మన చేతుల్లో ఉందా? ఉంది. దీని అందమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. దగ్గర్లో పెన్సిలు, కాగితం ఉంటే తీసుకోండి. ఒక బెంజీన్ షడ్భుజి గీయండి. దాని రెండు మూలల నుంచి బయటికి ఒక్కొక్క కార్బన్‌ను తగిలించండి. మొత్తం ఎనిమిది కార్బన్లు. ముందు ఈ రెండింటినీ పారా స్థానాల్లో, అంటే ఎదురెదురు మూలల్లో పెట్టండి. ఇప్పుడు బయటి కార్బన్ ఒకదానికి చుక్క పెట్టి, దాని పక్కదాన్ని వదిలేసి, ఆ తర్వాతిదానికి చుక్క పెట్టండి. చుక్క ఉన్న రెండు కార్బన్లు పక్కపక్కన రాకూడదు. చివరికి లెక్కపెడితే చుక్క ఉన్నవి 4, లేనివి 4. తేడా సున్నా. ఈ అణువులో ఎలక్ట్రాన్లన్నీ జంట కడతాయి, అయస్కాంతం ఉండదు.

ఇప్పుడు అదే బొమ్మలో ఒక బయటి కార్బన్‌ను ఒక మూల పక్కకు జరపండి. దీన్ని మెటా స్థానం అంటారు. మళ్లీ చుక్కలు పెట్టండి. ఈసారి చుక్క ఉన్నవి 5, లేనివి 3. తేడా 2. అంటే రెండు ఎలక్ట్రాన్లు ఒంటరిగా మిగులుతాయి, రెండూ ఒకే వైపు చూస్తాయి. పరమాణువులు అవే, వాటి సంఖ్య అదే. ఒక్క మూల మారింది, పదార్థం స్వభావమే మారిపోయింది. 1950లో లాంగెట్-హిగ్గిన్స్ ఇచ్చిన లెక్క నుంచి వచ్చిన పద్ధతి ఇది. మన హైస్కూలు పిల్లలు తమ కెమిస్ట్రీ పుస్తకంలో బెంజీన్ బొమ్మ చూసే ఉంటారు. వాళ్లతో కూర్చుని ఈ చుక్కల లెక్క వేసి చూడండి.

ఆ రెండు ఎలక్ట్రాన్ల పట్టు కూడా బలమైనదే. మెటా అణువులో ఒకదాన్ని తలకిందులు చెయ్యాలంటే మోల్‌కు దాదాపు 10 కిలోకేలరీలు కావాలి. గది ఉష్ణోగ్రతలో వేడి ఇచ్చే కుదుపు 0.6 కిలోకేలరీల లెక్కన ఉంటుంది. కనుక అణువు లోపల ఈ వరస గదిలోనూ చెదరదు. 1967లో జపాన్‌లో కోయిచి ఇతో ఇదే మెటా అమరికతో నాలుగు ఎలక్ట్రాన్లు ఒకే వైపు చూసే అణువును చూపించాడు. మరుసటి ఏడాది నొబోరు మతాగా, ఇదే అమరికను అంతులేకుండా పొడిగిస్తే అయస్కాంత పాలిమర్ వస్తుందని రాశాడు. అంతకు ముందే, 1963లో, హార్డెన్ మెక్‌కానెల్ ఘన పదార్థంలో రాడికల్స్‌ను ఎలా పేరిస్తే స్పిన్లు ఒకే వైపు తిరుగుతాయో ఒక చిన్న వ్యాసంలో సూచించాడు.

కాగితం మీద ఇంత తేలిగ్గా ఉన్నది ఫ్లాస్కులోకి వచ్చేసరికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. కారణం మన పండగల సీరియల్ సెట్టు చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది: ఒక బల్బు పోతే మిగతా తీగంతా ఆరిపోతుంది. పొడుగాటి పాలిమర్ గొలుసులో ప్రతి మెట్టులోనూ ఒంటరి ఎలక్ట్రాన్ పుట్టాలి. ఏ రసాయన చర్యా నూటికి నూరు శాతం జరగదు. వందలో రెండు చోట్ల తప్పినా గొలుసు ముక్కలు ముక్కలుగా తెగినట్టే, ఇటు స్పిన్లకు అటు స్పిన్ల కబురు అందదు. పైగా ఒంటి గొలుసులో వరస ఎక్కువ దూరం నిలవదు. అల్లిక కావాలి.

ఈ చిక్కును విప్పినది నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్‌లోని విశ్వవిద్యాలయం. ఆంజెయ్ రైత్సా, సుచాదా రైత్సా, జిరావత్ వాంగ్‌శ్రీరతనకుల్ ముగ్గురూ 2001లో సైన్స్ పత్రికలో తమ పాలిమర్‌ను ప్రకటించారు. వాళ్ల ఉపాయాలు రెండూ నిదానంగా చూడదగ్గవి.

మొదటిది, గొలుసు బదులు వలయం. గోంబర్గ్ ఇటుకలను మెటా పద్ధతిలో గుండ్రంగా కట్టారు. వలయంలో ఒక చోట లోపం వచ్చినా కబురు రెండో వైపు నుంచి చుట్టి వస్తుంది.

రెండోది నాకు మరీ ఇష్టం. వలయాలను ఒకదానికొకటి కలిపే వంతెనల్లోనూ రాడికల్స్ పెట్టారు, కానీ చిన్నవి. ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కోదానికి స్పిన్ అర అని లెక్క; వలయం స్పిన్ 2, వంతెన స్పిన్ అర. రెండూ ఒకే వైపు తిరిగితే మంచిదే, కూడుకుంటాయి. ఎదురెదురు తిరిగినా నష్టం లేదు. పెద్దదానిలోంచి చిన్నది తీసేస్తే ఇంకా మిగులుతుంది. అణువులు మెలిక తిరిగి అమరిక కొంచెం అటూ ఇటూ అయినా మొత్తం సున్నా కాకుండా ముందే చూసుకున్నారన్నమాట. ప్రకృతి ఎటు మొగ్గినా గెలిచేలా గీసిన బొమ్మ అది.

తయారీ కూడా అంత జాగ్రత్తగానే సాగింది. ముందు ఒంటరి ఎలక్ట్రాన్లు లేని మామూలు పాలిమర్‌ను కట్టారు. దానికి సోడియం-పొటాషియం మిశ్రమలోహంతో ఎలక్ట్రాన్లు ఎక్కించారు. ఆఖరున అయోడిన్ వేసి, ఒక్కొక్క చోటా ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను లాగేశారు. మిగిలినవి ఒంటరివి. ఇదంతా గాలి సోకకుండా, గట్టి చలిలో. తర్వాత కొలిచి చూస్తే సగటు స్పిన్ 5000 దగ్గర తేలింది. అంటే దాదాపు పదివేల ఎలక్ట్రాన్ల సాటి బలం ఒక్కుమ్మడిగా ఒకే దిక్కు చూస్తోంది. అంతకుముందు ఏ ఆర్గానిక్ పాలిమర్లోనూ ఇలాంటిది లేదు.

దాని హద్దు మాత్రం సుమారు 10 కెల్విన్లు, సెంటీగ్రేడ్ లెక్కలో సున్నాకు 263 డిగ్రీలు కింద. ద్రవ హీలియం లేకపోతే ఆ వరస కనిపించదు. వలయం లోపల పట్టు గట్టిదే, వలయానికి వలయానికి మధ్య ఉన్న పట్టు వదులు. అక్కడే వేడి గెలుస్తోంది.

పది కెల్విన్ల అయస్కాంతం ఎవరికి కావాలని అడిగేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఈ రంగంలో గది ఉష్ణోగ్రతకే పనిచేస్తుందని ప్రకటించిన ఆర్గానిక్ అయస్కాంతాలు చాలానే వచ్చాయి, చాలానే కనుమరుగయ్యాయి. 1987లో మాస్కో నుంచి ఒక పాలిమర్ గురించి నేచర్‌లో వచ్చింది. ఇతరులు చేస్తే ఆ ఫలితం రాలేదు. 2001లో, రైత్సా వ్యాసం వచ్చిన ఏడాదే, ఫుల్లరీన్ అనే కార్బన్ బంతులను అధిక పీడనంతో పాలిమర్‌గా కలిపితే 500 కెల్విన్ల దాకా నిలిచే అయస్కాంతం వచ్చిందని మళ్లీ నేచర్‌లోనే ప్రచురించారు. తర్వాత ఆ నమూనాల్లో ఇనుము కలిసి ఉందని తేలింది. ఇనుము, కార్బన్ కలిస్తే వచ్చే సిమెంటైట్ అయస్కాంత హద్దు కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. 2006లో రచయితల్లో ఎక్కువమంది వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇనుము ఇక్కడ ఎంత ప్రమాదమో లెక్క చెబుతాను. శుద్ధమైన ఇనుము గ్రాముకు సుమారు 220 యూనిట్ల అయస్కాంత బలం ఇస్తుంది. ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షవ వంతు, కంటికి కనిపించీ కనిపించని నలుసు. అది ఇచ్చే బలం 0.00022 యూనిట్లు. ఈ బలాన్ని కొలిచే స్క్విడ్ మాగ్నెటోమీటరు 0.00000001 యూనిటును కూడా పసిగడుతుంది. ఆ నలుసు ఒక్కటే పరికరపు హద్దుకు ఇరవై వేల రెట్లన్నమాట. స్టీలు గరిటెతో పొడి తీసినా, స్టీలు పట్టకారుతో నమూనా పట్టుకున్నా, ఫ్లాస్కు అడుగున తిరిగే అయస్కాంతపు కడ్డీ మీది టెఫ్లాన్ తొడుగు అరిగినా చాలు. గది ఉష్ణోగ్రతలో చక్కటి అయస్కాంత వక్రం వచ్చేస్తుంది. అందుకే ఈ పని చేసే ల్యాబుల్లో ప్లాస్టిక్ గరిటెలు, పింగాణీ పట్టకార్లు వాడతారు, నమూనా పెట్టే గాజు గొట్టాన్ని కూడా ముందు ఖాళీగా కొలుస్తారు. చర్యల్లో వాడిన నికెల్ లాంటి ఉత్ప్రేరకాల మిగులును వెతికి కొలుస్తారు. రైత్సా పాలిమర్ 10 కెల్విన్ల దగ్గరే ఆగిపోయినా, ఎందుకు పనిచేస్తోందో, ఎందుకు అక్కడ ఆగుతోందో ప్రతి మెట్టూ తెలుసు. కారణం తెలియని గది ఉష్ణోగ్రత అయస్కాంతం కన్నా, కారణం తెలిసిన పది కెల్విన్ల అయస్కాంతం ఎన్నో రెట్లు విలువైనదని నా గట్టి అభిప్రాయం.

లోహం కొంచెం ఉన్నా ఫరవాలేదనుకుంటే కథ ఇంకో దారి పట్టింది. ఆ దారి మనకు దగ్గర్లోనే మొదలైంది. షాంటిలీ నుంచి కారులో రెండు మూడు గంటల దూరంలో, డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో డూపాంట్ పరిశోధనశాల ఉంది. అక్కడ జోయెల్ మిల్లర్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ ఎప్‌స్టీన్ 1980లలో చెయ్యి కలిపారు. మొదట 4.8 కెల్విన్ల అయస్కాంతం చేశారు. 1991లో వెనేడియం సమ్మేళనాన్ని టెట్రాసైనోఇథిలీన్ అనే చిన్న ఆర్గానిక్ అణువుతో కలిపితే నల్లటి పొడి వచ్చింది. గదిలోనే ఆ పొడి అయస్కాంతం వైపు లాక్కుపోయింది. సుమారు 350 కెల్విన్లు, అంటే 77 డిగ్రీల దగ్గర అది విడిపోయే వరకూ అయస్కాంతంగానే ఉంది. ఇక్కడా లెక్క అదే: వెనేడియం స్పిన్ ఒకటిన్నర ఒక వైపు, రెండు ఆర్గానిక్ అణువుల స్పిన్ కలిపి ఒకటి ఎదురు వైపు, మిగిలేది అర.

ఒహాయో స్టేట్‌లో ఈ పదార్థపు పల్చటి పొరల్లో విద్యుత్తు నిరోధం అయస్కాంత క్షేత్రంతో ఎలా మారుతుందో 2003లో రాసిన వ్యాసానికి మొదటి రచయిత ఎన్.పి. రాజు. గాలి తగిలితే గంటల్లో చచ్చిపోయే పొర ఇది. 2015లో అదే విశ్వవిద్యాలయం వాళ్లు ఎపాక్సీ కింద దాచిపెడితే నెల దాకా నిలిచింది. ఇప్పుడు దీనికి మైక్రోవేవ్ పరికరాల్లో గిరాకీ కనిపిస్తోంది. ఆ పనికి ఇన్నాళ్లుగా వాడుతున్న ఇట్రియం ఐరన్ గార్నెట్‌ను మంచి నాణ్యతతో చెయ్యాలంటే వందల డిగ్రీల వేడి కావాలి. ఇది 50 డిగ్రీల దగ్గరే పరుచుకుంటుంది, అయస్కాంత కంపనాలను దాదాపు అంత తక్కువ నష్టంతోనే మోస్తుంది.

మోటార్లలో నియోడిమియం అయస్కాంతాల బదులు ఇవి వస్తాయని మాత్రం ఎవరూ ఆశించకండి. మన ఊరి ఉద్వార్-హేజీ మ్యూజియంలో డిస్కవరీ షటిల్ పక్కన నిలబడితే, ప్రతి గ్రాము బరువూ తగ్గించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. తేలికైన అయస్కాంతం దొరికితే బాగుండుననీ అనిపిస్తుంది. కానీ ఆర్గానిక్ పదార్థంలో ఒంటరి ఎలక్ట్రాన్లు దూరదూరంగా ఉంటాయి. ఆ వెనేడియం పొర పూర్తి బలం, అంతే ఘనపరిమాణం ఉన్న ఇనుముతో పోలిస్తే, సుమారు రెండువందవ వంతు. దాని పని వేరు.

హైదరాబాదులో కూడా ఈ ఆలోచనకు దగ్గర చుట్టం ఉంది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో కె. భానుప్రకాశ్, వి. జయతీర్థరావు, వారి విద్యార్థులు 2000లలో క్రోకొనేట్ రంగులను పరిశీలించారు. చిన్న అణువులైనా కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎందుకు పీల్చుకుంటున్నాయన్నది ప్రశ్న. వాటిలో రెండు ఎలక్ట్రాన్ల జంట వదులుగా ఉందని, కొంతమేర అవి ఒంటరిగానే ప్రవర్తిస్తున్నాయని వాళ్ల లెక్కల్లో తేలింది. అయస్కాంత పాలిమర్ గీసేవాడికి సరిగ్గా ఇదే లెక్క కావాలి: ఈ అణువులో జంట ఎంత గట్టిది, దాన్ని ఎంత వదులు చెయ్యగలం? హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టి.పి. రాధాకృష్ణన్ బృందం కూడా అణువుల స్థాయి పదార్థాల మీద ఏళ్లుగా పనిచేసింది. ఇలాంటి పని వార్తల్లోకి రాదు. మన పిల్లలు రసాయన శాస్త్రం వైపు చూస్తుంటే, అమెరికా విశ్వవిద్యాలయాల పేర్లతో పాటు ఈ పేర్లూ చెప్పండి.

అయస్కాంతం కోసం బయల్దేరినవాళ్లు దారిలో ఇంకా కొన్ని సాధించారు. నిలిచే రాడికల్స్‌ను పాలిమర్‌కు వరసగా తగిలించడం నేర్చాక, జపాన్‌లో అలాంటి పాలిమర్‌ను బ్యాటరీ పదార్థంగా వాడారు. ఎంఆర్ఐ తీసేటప్పుడు బొమ్మ స్పష్టంగా రావడానికి గాడొలీనియం లోహం ఉన్న మందు ఎక్కిస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు కొన్ని రకాల గాడొలీనియం మందులు ప్రమాదం. దాని బదులు లోహం లేని నైట్రాక్సైడ్ రాడికల్స్‌తో పనికానిచ్చే మందును చేసే ప్రయత్నంలో రైత్సా బృందం కూడా ఉంది. అయస్కాంతం గదిలోకి రావడానికి ముందే ఆ మందు ఆసుపత్రికి వస్తే నాకు ఆశ్చర్యం కలగదు, ఎంతో సంతోషం కలుగుతుంది.

ఇక పాలిమర్ సంగతి. వలయాల మధ్య పట్టు గట్టిపడితే హద్దు పది కెల్విన్ల నుంచి పైకి జరుగుతుంది. అందుకు ఒంటరి ఎలక్ట్రాన్లు వంతెనల దాకా బాగా విస్తరించి ఉండాలి, వలయాలు మెలిక తిరగకుండా సమతలంగా ఉండాలి, అయినా గాలికి తట్టుకోవాలి. ఎలక్ట్రాన్‌ను కప్పితే గాలి నుంచి కాపాడొచ్చు, కానీ కప్పే కొద్దీ పక్కదానితో దాని పట్టు తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే ఇప్పుడు జరుగుతున్న పని. స్విట్జర్లాండ్‌లో కొందరు బంగారపు పలక మీద, శూన్యంలో, 22 కార్బన్ల ట్రైయాంగులీన్ అనే సమతల అణువులను ఒకటొకటిగా కలిపి గొలుసులు కట్టారు. 2021లో నేచర్‌లో వాటి స్పిన్ల లెక్క ప్రచురించారు. ఆ గొలుసుల్లో పక్కపక్క అణువుల స్పిన్లు ఎదురెదురు తిరిగాయి, కనుక అవి అయస్కాంతాలు కావు. కానీ ఒక్కొక్క అణువుకూ పక్కదానితో పట్టు ఎంతో అక్కడ నేరుగా కొలవగలిగారు. పట్టును కొలవగలిగితే, దాన్ని మనకు కావలసిన వైపు తిప్పే అమరిక ఏదో వెతకడం మొదలుపెట్టవచ్చు.